పేరు పెట్టి పిలుచుట

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 12:1-6, యోహాను 10:1-5, యోహాను 20:11-18



మన ఊరి పేరును మనము మంగళగిరి యని పలుకుదుము. ఉత్తరదేశమునుండి ఉద్యోగములకై వచ్చినవారిలో అనేకులు మంగలగిరి యందురు. వారు మనలను ఎగతాళి చేయుటలేదు. వారి హిందీ భాషలో ళకారము లేదు. లేని అక్షరమును నాలుక ఎక్కడనుండి తెచ్చును? ఊరి పేరే యిట్లు మారినప్పుడు మనుష్యుల పేరులు మారుట వింత కాదు.

మన యిండ్లలోనే చూడుడి. తాత యోహాను, తండ్రి జాను, మనుమడు జాన్. పేరు ఒక్కటే. తాత పేరు నిలువవలెనని బాప్తిస్మమునాడు ఆ బిడ్డకు దానిని పెట్టిరి. అయితే తాత నలుగురిలో ‘యోహానూ’ అని పిలిచిన మనుమడు సిగ్గుపడును. ‘జాన్’ అని పిలుచుటకు తాతకు నోరు తిరుగదు. ఈ చిన్న సంగతివలన మన యిండ్లలో నవ్వులును, కొన్నిసారులు కన్నీళ్లును కలుగుచున్నవి. కాబట్టి ఈ నెల పాఠములో పేరుల ఉచ్చారణను గూర్చి ఆలోచింతము.

1. పేరులు చేసిన ప్రయాణము

యోహాను అనునది మొదట హెబ్రీ పేరు. యెహోవా దయచూపెనని దాని అర్థము. హెబ్రీయులు యోహానాన్ అని పలికిరి. గ్రీకు భాషలో మాట నడుమ హకారమును వ్రాయుటకు అక్షరము లేనందున అది ఇయోఅన్నేస్ అయ్యెను. అక్కడనుండి దేశదేశములకు పోయి జర్మనీలో యోహాన్, హాన్స్; ఇటలీలో జొవాన్ని; స్పెయినులో హువాన్; రష్యాలో ఇవాన్; అరబ్బుల నోట యూహన్నా; ఇంగ్లండులో జాన్ అయ్యెను. ఎవరును దానిని చెరుపవలెనని చెరుపలేదు. ప్రతి జనము తన నాలుకకు తగినట్లు దానిని దిద్దుకొనెను.

యకారము జకారమైన విధము కూడ ఇట్టిదే. లాటిను భాషలోని యకారము ఫ్రాన్సు మొదలగు దేశముల వాడుకలో క్రమముగా మారిపోయెను. ఇంగ్లీషువారు ఫ్రెంచివారినుండి జకారమును నేర్చుకొనిరి. జర్మనులు నేటికిని యకారముగానే పలుకుచున్నారు. మన తెలుగు బైబిలులోను యేసు, యాకోబు, యోసేపు, యోహాను అని యకారమే నిలిచినది. కాబట్టి పల్లెలోని అవ్వ ‘యోసేపు’ అని పిలిచినప్పుడు, ‘జోసెఫ్’ అనుటయే నాగరికమని తలంచు కాలేజీ విద్యార్థికంటె ఆమెయే మూలభాషకు దగ్గరగా నున్నది. ఈ సంగతి తెలిసినవాడు ఆమెను చూచి నవ్వడు.

మన ప్రాంతములోనే ఇందుకు చక్కని దృష్టాంతము గలదు. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరను మిషనరీ ఫాదర్ హయ్యర్ 1793లో జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించెను. ఆయనకు పెట్టిన పేరు యోహాన్ క్రిస్టియాన్ ఫ్రీడ్రిఖ్. చిన్నతనమందే అమెరికాకు పోగా అక్కడ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ అయ్యెను. ఆంధ్రదేశమునకు రాగా మనవారి నోట ‘హయ్యరు దొరగారు’ అయ్యెను. మూడు దేశములు, మూడు ఉచ్చారణలు. మనిషి ఒక్కడే, ఆయన చేసిన సేవ ఒక్కటే.

ఇంగ్లీషు బైబిలు చదువు పిల్లలకు మరియొక చిక్కు కలుగును. ఇంగ్లీషులో పితరుడైన యాకోబు జేకబ్, అపొస్తలుడైన యాకోబు జేమ్స్. ఈ రెండును ఒక్క హెబ్రీ పేరే; లాటిను వాడుకలో ఒక రూపము మారి, ఫ్రెంచివారి నోట మరింత మారి, జేమ్స్ అయినది. కేరళ దేశమునకు పోయిన యెడల యాకోబు చాక్కో యగును, పేతురు పత్రోస్ యగును, జార్జి వర్గీస్ యగును. మన రోమను కతోలిక సహోదరులలో పేతురును రాయప్ప యనియు, పౌలును చిన్నప్ప యనియు పిలుచు వాడుక గలదు. పేతురనగా రాయి, పౌలనగా చిన్నవాడు. వారు ధ్వనిని విడిచి అర్థమును పట్టుకొనిరి. అదియు మంచి మార్గమే.

2. తెలుగువాని నాలుక

మన భాషలో మాట అచ్చుతో ముగియుట సహజము. అందుచేతనే పౌల్ పౌలు అయ్యెను, దానియేల్ దానియేలు అయ్యెను. సమూయేలు వాడుకలో సామేలు అయ్యెను. ప్రేమ చొప్పున మరియ మరియమ్మ, రూతు రూతమ్మ; మన ప్రభువును సహితము యేసయ్యా యని పిలుచుచున్నాము. అయ్య, అమ్మ అను ఈ చేర్పు తెలుగువాడు పరదేశపు పేరును తన యింటిలోనికి చేర్చుకొన్న గుర్తు.

అయితే మన పేరులు పరదేశమునకు పోయినప్పుడు ఏమగును? జ్ఞానరత్నమ్మ యను పేరు గల తల్లి అమెరికాలోని కుమారుని యింటికి పోయి, అక్కడ ఆసుపత్రిలో తన వంతుకొరకు కూర్చున్నదనుకొనుడి. జ్ఞకారమును మనము గ్నకు దగ్గరగా పలుకుదుము. హిందీవారు గ్య యందురు. మరాఠీవారు ద్న్య యందురు. తమిళులు ఞ యందురు. ఇంగ్లీషు లిపిలో జీ, ఎన్ అను అక్షరములతో మాట మొదలైన యెడల ఇంగ్లీషువారు మొదటి అక్షరమును పలుకరు. కాబట్టి నర్సు ‘నానా’ అని మూడుమారులు పిలిచినను ఆ తల్లి లేవదు. పిలుపు వచ్చినది గాని పేరు రాలేదు. వినికిడి లోపము ఆమెది కాదు. నర్సుకు ద్వేషమును లేదు. అయినను వంతు తప్పిపోయెను.

తకారము విషయమును అట్టిదే. మనము దానిని టీ, హెచ్ అను రెండక్షరములతో వ్రాయుదుము. ఉత్తరదేశమువారు ఆ రెంటిని చూచి థకార మందురు. ఒక్క టీతో వ్రాసిన యెడల పడమటి దేశస్థులు ట వలె పలుకుదురు. తప్పు ఎవరిది? ఎవరిదియు కాదు.

3. లేఖనములు చెప్పునది

ఉచ్చారణనుబట్టి మనుష్యునికి తీర్పు తీర్చినందున ఎంత కీడు కలిగినదో న్యాయాధిపతులు 12వ అధ్యాయములో చూచుచున్నాము. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు ఎఫ్రాయిమీయులను షిబ్బోలెతు అనుమనిరి. ధాన్యపు వెన్ను అని గాని, నీటి ప్రవాహమని గాని ఆ మాటకు అర్థము. షకారము పలుకలేక సిబ్బోలెతు అన్నవారిని చంపిరి. ఆ దినములలో ఎఫ్రాయిమీయులలో కూలినవారు 42,000 మంది. మన పల్లెలలో శాంతమ్మను సాంతమ్మ యనువారు ఎందరు! ఆ రేవున మనమున్న యెడల మనలో ఎందరు అవతలి యొడ్డు చేరియుందుము? చంపినవారును చచ్చినవారును ఇశ్రాయేలీయులే, సహోదరులే యని మరువకుడి.

పేతురు గలిలయ పలుకుబడి వలన ప్రధానయాజకుని యింటి ముంగిట బయటపడెను (మత్తయి 26:73). అయితే ఆ పలుకు గలవానినే ప్రభువు తన మందను కాయుటకు నియమించెను. ఎలియాజరు అను పేరు వాడుకలో కురుచయై లాజరు అయ్యెను. దేవుడు సహాయము చేసెనని దాని అర్థము. మనలో దేవసహాయము అను పేరు సరిగా అదియే. ప్రభువు సమాధి యెదుట నిలిచి ఆ వాడుక పేరుతోనే పిలిచెను; మృతుడు వెలుపలికి వచ్చెను.

ప్రభువు నామమును హెబ్రీ ఉచ్చారణతోనే పలుకవలెను, లేనియెడల ప్రార్థన వినబడదని చెప్పువారు నేడు కొందరున్నారు. అపొస్తలులు అట్లు ఎంచలేదు. వారు గ్రీకులో వ్రాసినప్పుడు గ్రీకువారు పలుకు రూపమునే వ్రాసిరి. పెంతెకొస్తు దినమున అందరు ఒక్క భాష నేర్చుకొనవలెనని ఆజ్ఞ రాలేదు. ఎవరి భాషలో వారు వినిరి. తెలుగు తల్లి ‘యేసయ్యా’ అని ఏడ్చినప్పుడు ఆయనకు అర్థము కాకపోవునా?

మగ్దలేనే మరియ తోటలో ప్రభువును చూచి తోటమాలి యనుకొనెను. ఆయన ఆమె పేరు పలుకగానే గుర్తుపట్టెను. కొన్ని ప్రాచీన గ్రీకు ప్రతులలో ఆ చోట మరియ అని గాక మరియామ్ అని, ఆమె స్వజనులు పిలుచు రూపమే యున్నది. కన్నులు గుర్తింపనివానిని ఆ పిలుపు గుర్తింపజేసెను.

4. మనము చేయదగినవి

మొదటిది: క్రొత్తవారు సంఘమునకు వచ్చినప్పుడు వారి పేరును వారి నోటనే విని, ఒకటి రెండు మారులు పలికి నేర్చుకొనుడి. అడుగుట అవమానము కాదు, అడుగకపోవుటయే నిర్లక్ష్యము.

రెండవది: పెద్దలు పలుకు పాత రూపములను చూచి నవ్వకుడి. పిల్లలు పలుకు క్రొత్త రూపములను చూచి కోపపడకుడి.

మూడవది: బాప్తిస్మపు పుస్తకములోను బడి రికార్డులోను పేరును ఒకే విధముగా వ్రాయించుడి. ఒకచోట సామేలు, ఒకచోట శామ్యూల్ అని యుండిన యెడల పాస్‌పోర్టు దినమున బిడ్డకు కష్టము.

నాలుగవది: పరదేశములో ఎవరైన మీ పేరును తప్పుగా పలికిన యెడల సమాధానముతో సరిదిద్దుడి. వారు నేర్చుకొనలేనియెడల ఓర్చుకొనుడి.

మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచును. ఆయన పిలుపులో ఏ పేరును తప్పిపోదు. మనమును ఒకరినొకరము అట్లు పిలుచుటకు ప్రయాసపడుదము గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ పేరునకు అర్థమేమి? దానిని మీకు పెట్టినవారెవరు?
2. మీ సంఘములో పేరు తెలియక ‘ఏమండీ’ అని మాత్రమే మీరు పిలుచువారెవరైన నున్నారా?
3. నేడు మనము ఎవరిని వారి పలుకునుబట్టి రేవునొద్ద నిలువరించుచున్నాము?