రిజిస్టరు ఒకచోట, బీరువా మరోచోట

మీ బడి గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలో ఉంటాయి. వాటి పేర్లూ నంబర్లూ స్టాకు రిజిస్టరులో ఉంటాయి. బీరువా చెదలుపట్టి రిజిస్టరు ఒక్కటే మిగిలితే మీరు చదువుకునేదేమిటి?

నల్లగొండ జిల్లాలో నేను పనిచేసిన ఒక బడిలో ఇలాగే జరిగింది. వానాకాలంలో తొమ్మిదో తరగతి పిల్లలు తమ ఊళ్ళ బోరు నీళ్ళు తెచ్చి ఫ్లోరైడు పరీక్ష చేశారు. జిర్కోనియం-అలిజరిన్ ద్రావణం కలిపినప్పుడు గులాబీ రంగు ఎంతగా పసుపుకు తిరిగితే అంత ఫ్లోరైడు ఉన్నట్టు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగరాదు. ఆ రంగుల ఫోటోలను బడి కంప్యూటరులోని 'మూడిల్'లో దాచారు.

పాఠాలు, అభ్యాసాలు, మార్కులు ఒకేచోట నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ మూడిల్. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డౌగియామస్ దీన్ని రూపొందించాడు, 1.0 రూపం 2002లో వెలువడింది. ఆయన బాల్యంలో ఎడారి ప్రాంతంలో ఉంటూ రేడియోలో పాఠాలు విన్నవాడే!

వెబ్ సర్వరు, పి.హెచ్.పి., డేటాబేస్ ఉంటే మూడిల్‌ను ఎక్కించడం ఒక సాయంత్రం పని. కాపాడుకోవడమే అసలు పని. కొన్నాళ్ళకు మా డిస్కు చెడిపోయింది. నకలు ఉంది కదా అని ధైర్యంగా కొత్త డిస్కులో ఎక్కించాను. పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోల పేర్లు అన్నీ కనిపించాయి. నొక్కితే మాత్రం ఒక్క ఫోటో తెరుచుకోలేదు!

కారణమేమిటి? మూడిల్‌కు డేటాబేస్ రిజిస్టరు వంటిది. 'మూడిల్‌డేటా' అనే ఫోల్డరు బీరువా. నేను నకలు తీసింది రిజిస్టరుకే. పోనీ, బీరువా ఒక్కటే మిగిలితే? అదీ చిక్కే. ఫైలులోని సమాచారాన్నంతా లెక్కగట్టి, అంకెలూ అక్షరాలూ కలిసిన 40 గుర్తుల పేరుతో మూడిల్ దాన్ని దాస్తుంది. ఇద్దరు ఒకే ఫోటో పెడితే బీరువాలో ఒక్కటే ఉంటుంది, రిజిస్టరులో రెండు పద్దులుంటాయి. కనుక రిజిస్టరు లేకుంటే ఏది ఎవరిదో తేలదు.

ఇప్పుడు వారానికొకసారి, బడి వదిలాక, మూడిల్‌ను 'మెయింటెనెన్స్ మోడ్'లో పెట్టి రెంటికీ ఒకేసారి నకలు తీస్తాను. లేకపోతే మధ్యలో ఎవరో ఫైలు పెడతారు, లెక్క తప్పుతుంది. నకలు డిస్కు వేరే గదిలో ఉంటుంది. నెలకోసారి దాన్ని మరో కంప్యూటరులో ఎక్కించి, ఏదో ఒక ఫోటో తెరిచి చూస్తాను. తెరుచుకుంటేనే అది నకలు.

ఆ పిల్లలు వేసవిలో మళ్ళీ బోర్ల దగ్గరికి వెళ్ళారు. రెండు ఎండిపోయాయి. తక్కినవాటి రంగులు తీసుకొచ్చారు గాని, వానాకాలపు లెక్క దొరకలేదు.