నురుగు పాలు – తేలిక మనిషి
(తెలుగు పాఠం)



పోయిన వారం ఆరో తరగతి వాళ్లను "మా నాన్న" మీద వ్యాసం రాయమన్నరు. బోధన్ వైపు తండా నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఇట్ల రాసిండు: "మా నాన్న చెరుకు కొడతాడు. పొద్దున్నే నురగల పాలు పిండి ఇస్తాడు. మా నాన్న చాలా తేలిక మనిషి."

చదవంగనే తరగతి అంతా నవ్వింది. వాకిట్ల నిలబడ్డ నేను కూడా నవ్విన. ఆ రాత్రి ఆ తమ్ముడు బువ్వ తినలేదు. అడిగితే, "మా నాన్న ఎప్పుడూ నవ్వుతడు, అందరినీ నవ్విస్తడు. అదే రాసిన అన్నా, తప్పేంది?" అన్నడు.

తప్పేందో చెప్పకుండ నవ్వుడు మా తప్పు. అందుకే ఈ పాఠం.

1. విశేషణం అంటే ఏమిటి?

నామవాచకం గుణాన్ని తెలిపే పదం విశేషణం. ఎవరి గుణం చెప్తున్నమో ఆ పదం విశేష్యం. "తెల్ల నురుగు" అన్నప్పుడు 'తెల్ల' విశేషణం, 'నురుగు' విశేష్యం. హిందీలో 'అచ్ఛా లడ్కా', 'అచ్ఛీ లడ్కీ' అని విశేషణం మారుతుంది. తెలుగులో మారదు. మంచి పిల్లగాడు, మంచి పిల్ల, మంచి పిల్లలు – అన్నిట్ల 'మంచి' ఒక్కటే.

2. నురుగును విశేషణం చేసేది ఎట్ల?

'తెల్ల', 'మంచి' పుట్టుకతోనే విశేషణాలు. 'నురుగు' అట్ల కాదు, అది నామవాచకం. దాన్ని విశేషణంగా వాడుకోవడానికి నాలుగు దారులున్నాయి.

(అ) ఊరికే ముందు పెట్టాలి: నురుగు పాలు, నురగల పాలు.

(ఆ) క్రియతో కలపాలి: నురుగెత్తిన రసం, నురగలు కక్కే ఎద్దు. క్రియలోంచి పుట్టింది కాబట్టి దీన్ని క్రియాజన్య విశేషణం అంటారు. ఇది కాలాన్ని కూడా చెప్తుంది. పొంగిన పాలు – పొంగుడు అయిపోయింది. పొంగే పాలు – పొంగడం వాటి గుణం. పొంగని పాలు – ఇంకా పొంగలేదు.

(ఇ) పోలిక చెప్పాలి: నురుగులాంటి మబ్బు, నురుగులాంటి నవ్వు.

(ఈ) విశేష్యం తర్వాత చెప్పాలంటే 'గా' చేర్చాలి: పాలు నురుగుగా ఉన్నాయి.

ఆ తమ్ముడు రాసిన "నురగల పాలు" నూటికి నూరుపాళ్లు ఒప్పు. అప్పుడే పిండిన పాలు కండ్ల ముందర కనబడుతున్నయి. దాన్ని మేము మెచ్చుకోలేదు, పక్క వాక్యానికి నవ్వినం.

3. మన చెరుకు సీమలో నురుగు

మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. శక్కర్ తయారయ్యే చోటు కనుక ఆ ఊరు శక్కర్‌నగర్ అయింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కానీ చెరుకు మాటలు మన నోట్లో ఇంకా ఉన్నాయి.

నిజామాబాద్‌లో చెరుకు రసం బండి దగ్గర నిలబడి చూడండి. గ్లాసు నిండినట్టే ఉంటది. నురుగు దిగినంక చూస్తే రసం తక్కువ. అంటే నురుగులో ఉన్నది ఎక్కువ గాలే. పలుచని పొర లోపల గాలి చిక్కితే బుడగ, బుడగలన్నీ కలిస్తే నురుగు. అందుకే సరుకు లేని ముచ్చటను "నురుగు మాట" అనవచ్చు.

మరి నురుగు ఎప్పుడూ ఉత్తదేనా? బెల్లం వండే కాడ చూడండి. రసం కాగుతుంటే మురికి నురుగుతోపాటు పైకి తేలుతుంది. కొంచెం సున్నం, బెండ జిగురు వేస్తే ఇంకా బాగా తేలుతుంది. దాన్ని తీసేయకుంటే బెల్లం నల్లబడుతుంది. అక్కడ నురుగు పని చేస్తున్నట్టే.

చెరుకు బండి గుంజే ఎద్దు నోట్లో కూడా నురుగు వస్తది. అది సరదా కాదు, కష్టం. చూసిండ్రా? నురుగు ఒక్కటే. పాల పక్కన రుచి, మాట పక్కన ఉత్తది, ఎద్దు పక్కన కష్టం. విశేషణం విలువ అది ఏ విశేష్యం పక్కన నిలబడుతుందో దాన్ని బట్టి ఉంటుంది.

4. తేలిక మాటలతో జాగ్రత్త

తేలిక పని – సులభమైన పని.
తేలికైన మనసు – దిగులు తీరిన మనసు.
తేలిక మనిషి – విలువ లేని మనిషి!

పలుచని మజ్జిగ అంటే నీళ్ల మజ్జిగ. "నలుగురిలో పలుచన అయిండు" అంటే మర్యాద పోయింది. 'చులకన' అంటే కూడా తేలికదనమే, కానీ మనిషిని చులకన చేస్తే అది అవమానం. వస్తువు తేలికైతే మంచిదే, మోయడం సులభం. మనిషిని తేలిక చేస్తే మాత్రం తిట్టు. ఇది పుస్తకంలో సూత్రంగా దొరకదు. తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకు వింటూ వస్తది. ఇంట్లో లంబాడీ మాట్లాడే తమ్మునికి ఎవరన్నా చెప్తేనే తెలుస్తది.

నవ్వుతూ నవ్వించే మనిషిని ఏమనాలె? సరదా మనిషి, హుషారు మనిషి, కలుపుగోలు మనిషి, నవ్వుమొహం మనిషి. ఇప్పుడు ఆ వాక్యం ఇట్ల రాద్దాం: "మా నాన్న చాలా సరదా మనిషి." ఒక్క మాటే మారింది.

దినమంతా చెరుకు కొట్టి వచ్చి పిల్లలను నవ్వించే నాన్న తేలిక మనిషి ఎట్లయితడు? ఆయన బరువైన మనిషి. తేలికైంది ఆ రోజు మా నవ్వు. తమ్మునికి ఆ మాట చెప్పినం. ఇప్పుడు ఆయన వ్యాసం ఈ గోడ మీదనే, ఈ పాఠం పక్కన అతికించినం. చదవండి.

అభ్యాసం

1. సొంత వాక్యాలు రాయండి: నురగల పాలు, నురుగెత్తిన వాగు, నురుగు మాట.
2. తేడా చెప్పండి: తేలిక మూట – తేలిక మాట.
3. 'కాగు' అనే క్రియతో మూడు క్రియాజన్య విశేషణాలు రాయండి.
4. మీ ఇంటి భాషలో నురుగును ఏమంటారు? సెలవులకు పోయినప్పుడు అమ్మను అడిగి రాసుకొని రండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో రాస్తాం. అప్పుడు మేము తప్పు పలికితే మీరు దిద్దాలె.