ఎలుకలు ఎక్కడున్నాయమ్మా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. వాళ్ల నాన్న "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి" అంటే హడలిపోయి ఏడ్చాడు. కావాలనే చేస్తున్నాడా?

జవాబు: కాదమ్మా. ఆటిజం ఉన్న చాలామందికి మాటలోని వాచ్యార్థమే ముందు తడుతుంది. గొంతు, ముఖకవళిక, సందర్భం కలిపి అసలు ఉద్దేశం పట్టుకోవడం కష్టమవుతుంది. అది తెలివితక్కువతనం కాదు. పైగా మన తెలుగు మహా చిక్కుది: వెళ్లిపోయేవాళ్లు "వస్తాను" అంటారు! వాడు గుమ్మం దగ్గరే కాచుక్కూర్చుంటే తప్పెవరిది?

"పుస్తకం తీయగలవా?" అంటే "తీయగలను" అని ఊరుకుంటాడు. "పుస్తకం తియ్యి" అనండి. జాతీయాలు మానేయక్కర్లేదు; అన్న వెంటనే "అంటే బాగా ఆకలేస్తోందని" చెప్పేయండి. ఒక నోటుపుస్తకంలో రాసి, పక్కన బొమ్మ గీయించండి. ఇంట్లో ఎవరూ నవ్వకుండా చూడండి. ఈ సంగతి వాళ్ల టీచరుకూ తప్పక చెప్పండి.