షటిల్ ఆట – అమలాపురం సాత్విక్ ఎదిగిన తీరు



కిందటిసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు స్టడీ అవర్‌కి ఇంకా అరగంట టైముంది. వంటశాల వెనక ఖాళీ జాగాలో నలుగురు కుర్రాళ్లు షటిల్ ఆడుతున్నారు. నెట్టు లేదు. రెండు సరుగుడు కర్రలకు కొబ్బరి తాడు కట్టి, దానిమీద ఒక పాత దుప్పటి ఆరేశారు. రెక్క విరిగిన ప్లాస్టిక్ కాక్. గాలి వచ్చినప్పుడల్లా అది కొట్టినవాడి దగ్గరికే తిరిగి వచ్చేస్తోంది. వాళ్లలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఎగిరి ఎగిరి స్మాష్ కొడుతున్నాడు. నేను వ్యాయామోపాధ్యాయుడినని తెలిసి దగ్గరికొచ్చి, "సార్, సాత్విక్‌లాగ మనలాటోళ్లు అవ్వగలరేటి?" అని అడిగాడు.

"కష్టపడితే ఎందుకవ్వరు నాయనా" అనేశాను. వాడు సంతోషంగా వెళ్లిపోయాడు. రాత్రి బస్సులో కూర్చున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆలోచించకుండా చెప్పిన మాట అది. ఈ ఏడాది సంచికకు వ్యాసం రాయమన్నారు కాబట్టి ఆ అబ్బాయికి సరైన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పుడు వాడు పదో తరగతిలో ఉండి ఉంటాడు.

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టాడు. అది కోనసీమ. మన ఉద్దానాన్ని ఉత్తరాంధ్ర కోనసీమ అంటారు గదా, అసలు కోనసీమ అది. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, తానూ రాష్ట్రస్థాయిలో షటిల్ ఆడినవాడు. తల్లి కూడా ఉపాధ్యాయురాలు. అన్న కూడా ఆటగాడే. ఈ మూడు వాక్యాలను తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత వీటితో పని ఉంది. 2014లో సాత్విక్ హైదరాబాద్ వెళ్లి పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అప్పటికి వాడి వయసు మీలో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ల వయసే. ఇల్లు వదిలి ఉండడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

2016లో డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హెర్ అనే మలేషియా ఆయన సాత్విక్‌ను ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. చిరాగ్ మూడేళ్లు పెద్ద. ఇద్దరికీ వెనక నుంచి గట్టిగా కొట్టడమే ఇష్టం. డబుల్స్‌లో ఒకరు వెనక నుంచి కొడితే రెండోవాడు నెట్ దగ్గర కాపు కాయాలి. ఇద్దరూ వెనకే ఉంటామంటే ముందు ఎవరుంటారు? దానికి తోడు భాష ఒకటి. సాత్విక్‌ది తెలుగు, చిరాగ్‌ది హిందీ, ఇంగ్లీషు. మొదట్లో మాట సరిగా కలవలేదు. అయినా కోచ్ పట్టు వదల్లేదు. నెట్ దగ్గర ఆడటం ఇద్దరూ నేర్చుకున్నారు. నా లెక్కలో సాత్విక్ నేర్చుకున్న వాటిల్లో అన్నిటికన్నా పెద్దది స్మాష్ కాదు, ఇదే. స్మాష్ కొట్టడం వాడికి ముందే వచ్చు. రానిదాన్ని, ఇష్టం లేనిదాన్ని నేర్చుకున్నాడు.

2018 కామన్వెల్త్ క్రీడల్లో ఈ జంటకు రజతం వచ్చింది. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచారు. ఫైనల్లో ఓడిన చైనా జంట అంతకుముందు ఏడాది ప్రపంచ విజేతలు. అప్పటికి సాత్విక్‌కు ఇంకా 19 ఏళ్లు నిండలేదు.

ఇక్కడ ఒక సైన్సు పాఠం. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా రాష్ట్రం, సోకా పట్టణంలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లు అని కొలిచి గిన్నిస్ రికార్డులో ఎక్కించారు. అంతకుముందు రికార్డు 493, అది 2013లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది. తమ్ముళ్లూ, పలక తీయండి. 565ను 1000తో గుణించి 3600తో భాగిస్తే సెకనుకు సుమారు 157 మీటర్లు. కోర్టు పొడవు 13.40 మీటర్లు. అదే వేగంతో పోతే ఈ చివర నుంచి ఆ చివరకు సెకనులో పదకొండో వంతు కూడా పట్టదు. రెప్ప వేసేలోగా అయిపోతుంది. మరి అవతలివాడు తిరిగి ఎలా కొడుతున్నాడు?

జవాబు ఈకల్లో ఉంది. షటిల్‌కు 16 ఈకలు, బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. ఇంత తేలికైన వస్తువుకు అంత పెద్ద పావడా. వేగం రెట్టింపయితే గాలి అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే రాకెట్టు వదిలిన క్షణంలో ఉన్న వేగం నెట్ దాటేలోగా చాలావరకు పడిపోతుంది. 565 అన్నది రాకెట్టు దగ్గర కొలిచిన వేగం, అవతలివాడి దగ్గరికి చేరేది కాదు. ఎత్తు నుంచి షటిల్ వదిలేస్తే ఎంత ఎత్తయినా సెకనుకు ఏడు మీటర్లకు మించి పడదు. క్రికెట్ బంతి అలా ఆగదు.

ఇంకొక సంగతి. ఈకల షటిల్ డబ్బాల మీద 75, 76, 77, 78 అని అంకెలుంటాయి. ఎండ వేడికి గాలి పలచబడుతుంది, షటిల్ ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి వేడి చోట చిన్న అంకెది, చలి చోట పెద్ద అంకెది వాడతారు. కాశీబుగ్గ మే నెల ఎండలో 78 తీసి కొడితే ప్రహరీ దాటుతుంది.

ఇప్పుడొక లెక్కల పాఠం. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి. సాత్విక్ జంట ఉన్న గ్రూపులో మూడు జంటలు తలా రెండు మ్యాచ్‌లు గెలిచాయి. ముందుకు పోయేది ఇద్దరే. అప్పుడు గెలిచిన గేముల్లోంచి ఓడిన గేములు తీసేస్తారు. మనవాళ్లు మూడు మ్యాచ్‌ల్లో 2-1, 0-2, 2-0. అంటే గెలిచినవి 4, ఓడినవి 3, మిగిలింది ఒకటి. తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లకు గెలిచినవి 5, ఓడినవి 3, మిగిలింది రెండు. ఇండోనేషియా జంటకు 5, 2, మిగిలింది మూడు. మనవాళ్లు ఇంటికి వచ్చేశారు. తమాషా ఏమిటంటే, మనవాళ్లు మొదటి మ్యాచ్‌లో ఓడించింది ఆ తైవాన్ జంటనే, 21-16, 16-21, 27-25 తేడాతో. వాళ్లే చివరికి స్వర్ణం పట్టుకుపోయారు. ఒక్క గేము తేడా. ఇండోనేషియా వాళ్లతో 13-21, 12-21గా ఓడిన ఆ రోజున ఒక్క గేము లాక్కుంటే ఏమయ్యేదో! పరీక్షలో ఒక్క మార్కుతో పోయిన వాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. నాకు ఇంటర్ లెక్కల్లో తెలిసింది.

ఆ తర్వాత 2022లో థామస్ కప్ మొదటిసారి మన దేశానికి వచ్చింది. ఫైనల్లో ఇండోనేషియాను 3-0తో ఓడించారు. అందులో సాత్విక్ జంట తొలి గేము పోగొట్టుకుని, రెండో గేము 23-21తో, మూడోది 21-19తో గెలిచింది. మూడో మ్యాచ్ గెలిచిన కిదాంబి శ్రీకాంత్ కూడా మన రాష్ట్రం వాడే. అదే ఏడాది టోక్యోలో ప్రపంచ పోటీలు జరిగాయి. క్వార్టర్ ఫైనల్లో అప్పటి ప్రపంచ విజేతలు, జపాన్ వాళ్లయిన హోకి, కోబయాషి జంటను వాళ్ల సొంతగడ్డ మీదే ఓడించి కాంస్యం తెచ్చారు.

సెమీస్‌లో వీళ్లను ఆపింది మలేషియా జంట ఆరోన్ చియా, సో వూయి యిక్. ఆ ఇద్దరి చేతిలో మనవాళ్లు వరసగా ఎనిమిది సార్లు ఓడారు. ఎనిమిది! నేనయితే నాలుగోసారికే ఆ పేర్లు వింటే కడుపునొప్పి అని చెప్పి పడుకునేవాణ్ణి. తొమ్మిదోసారి, 2023 జూన్‌లో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో 21-17, 21-18తో గెలిచారు. అక్టోబరులో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్ స్థానం. మన దేశంలో డబుల్స్‌కు ఆ స్థానం అదే మొదటిసారి. ఖేల్‌రత్న కూడా వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో మళ్లీ ఆ మలేషియా వాళ్లే ఓడించారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి పోయారు. ఆ ఆగస్టులో పారిస్‌లోనే ప్రపంచ పోటీల్లో అదే మలేషియా జంట అదే క్వార్టర్స్‌లో తగిలింది. ఈసారి మనవాళ్లు 21-12, 21-19. మళ్లీ కాంస్యం.

జపాన్ మాట వచ్చింది కాబట్టి, కెంటో మొమోటా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం నాకు సగమే. వాడు మీలాగే హాస్టల్లో పెరిగినవాడు. కగావా అనే దూరపు రాష్ట్రంలో పుట్టి, ఏడో తరగతి ఈడులో షటిల్ కోసం ఫుకుషిమా సముద్రతీరంలోని తొమియోకా అనే ఊరి బడికి వెళ్లాడు. 2011 మార్చి 11న భూకంపం, సునామీ, పక్కనే అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం. ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఆ రోజు మొమోటా శిక్షణ కోసం ఇండోనేషియాలో ఉన్నాడు. తిరిగి వెళ్లడానికి బడి లేదు, గది లేదు. షటిల్ జట్టును లోపలి కొండ ప్రాంతంలోని ఇనవషిరోకు మార్చి కొద్ది నెలల్లో మళ్లీ ఆట మొదలుపెట్టారు. మరుసటి ఏడాది వాడు ప్రపంచ జూనియర్ విజేత అయ్యాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన జీడి తోటలు, కొబ్బరి చెట్లు కూల్చిన రోజు చూసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ ఏడాది మన కుర్రాళ్లు చాలామంది చదువు వదిలి వలస పోయారు. అక్కడ బడిని వేరే ఊరికి మార్చారు గాని ఆపలేదు. ఆ తేడా కుర్రాళ్లది కాదు, పెద్దలది.

మొమోటాను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 2016లో చట్టవిరుద్ధమైన జూదశాలకు వెళ్లి పట్టుబడి నిషేధం పొందాడు, రియో ఒలింపిక్స్ పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చి 2018, 2019లో ప్రపంచ విజేత అయ్యాడు. ఒక్క 2019లోనే 11 టైటిళ్లు. 2020 జనవరిలో మలేషియాలో కారు ప్రమాదంలో కంటి దగ్గర ఎముక విరిగింది. మళ్లీ ఆ ఆట పూర్తిగా రాలేదు. 2024లో అంతర్జాతీయ పోటీలు మానుకున్నాడు.

ఇప్పుడు మన అబ్బాయి ప్రశ్నకు వస్తాను. సాత్విక్‌కు ఇంట్లోనే వ్యాయామోపాధ్యాయుడున్నాడు. మొమోటాకు బడిలోనే కోర్టు, కోచ్ ఉన్నారు. నీకేముంది? దుప్పటి నెట్టు ఉంది. మంచి ఈకల డబ్బా ఒకటి కొనాలంటే జీడి బట్టీలో పిక్కలు ఒలిచే మన అమ్మల నాలుగైదు రోజుల కూలి పైమాటే. అందులో ఉండేవి పన్నెండు. గట్టిగా ఆడితే ఒక్క పూటకు అయిపోతాయి. కాబట్టి "కష్టపడితే అవుతావు" అన్నది సగం నిజం. కష్టం నీ చేతిలో ఉంది, మిగతా సగం మా చేతిలో ఉంది.

నా సంగతి కూడా చెప్తాను. పదో తరగతిలో నేను బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడేవాణ్ణి. పసుపు ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు. ఉన్ని బంతి బరువుగా ఉంటుంది గనుక మన గాలికి నిలబడేది, అందుకే మన ఊళ్లల్లో ఆ ఆట సాగింది. జిల్లా ఎంపికలకు నా పేరు పంపారు. ఎంపిక తేదీ రాసిన ఉత్తరం మాకు అందేసరికి ఆ తేదీ దాటి మూడు రోజులైంది. ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో తవ్వుకోవడం ఇప్పుడు దండగ. వెళ్లినా నెగ్గేవాణ్ణో లేదో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఇప్పటికీ బాధ. సాత్విక్ ఎనిమిదిసార్లు ఓడాడంటే ఎనిమిదిసార్లు అక్కడికి చేరాడనే కదా అర్థం.

అందుచేత పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈసారి వార్షికోత్సవానికి గేటు మీద సిమెంటు ఆర్చి కట్టించి పేర్లు చెక్కిద్దామని కొందరంటున్నారు. నాకు అభ్యంతరం లేదు గాని, ముందు వంటశాల వెనక జాగాలో ఒక కోర్టు, రెండు ఇనుప స్తంభాలు, ఒక నెట్టు, గాలి వచ్చే వైపు ఒక తడిక గోడ కావాలి. ఎంపికల తేదీలు కనుక్కుని వార్డెన్ గారికి ఫోను చేసే బాధ్యత ఒకరు తీసుకోవాలి. అది నేను తీసుకుంటాను.

తమ్ముళ్లూ, మీరు చేయాల్సింది ఇది. కోర్టు పొడుగు ఉత్తర దక్షిణాలుగా పెట్టండి, సాయంత్రం ఎండ కళ్లల్లో పడదు. పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.55 మీటర్లు, మధ్యలో 1.524. నెట్ నుంచి సర్వీసు గీత 1.98 మీటర్లు. మూలలు సరిగా వచ్చాయో లేదో తెలియాలంటే ఎదురు మూలలకు తాడు పట్టి కొలవండి. పైథాగరస్ సూత్రం ప్రకారం 14.72 మీటర్లు రావాలి, రెండు వైపులా. రాకపోతే మేకులు పీకి మళ్లీ కొట్టండి. సంక్రాంతి సెలవులయ్యాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే వస్తాను. సున్నం, టేపు నేను తెస్తాను. దుప్పటి ఎవరిదో వాడికి ఇచ్చేయండి.