విద్యుత్ సామాను వాపసు పిలుపు: సంఘాలు తెలుసుకోవలసిన విషయాలు

ఒక క్యానులో పాలు పులిసినట్లు శీతల కేంద్రంలో తేలితే ఏం జరుగుతుందో మన కార్యదర్శులకు తెలుసు. క్యాను మీద నంబరు చూడగానే ఏ సంఘానిదో తెలుస్తుంది. సంఘం రిజిస్టరు తిరగేస్తే ఏ పూట పాలో, ఎవరెవరు పోశారో తెలుస్తుంది. నంబరూ రిజిస్టరూ లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేం.

పాల కేంద్రాల్లోను, సభ్యుల ఇళ్లలోను వాడే ప్లగ్గులు, వైర్లు, హీటరు రాడ్ల విషయంలో కూడా ఈ పద్ధతే ప్రాణాలు కాపాడుతుంది. ఈ నెల పాఠం దాని గురించే.

వాపసు పిలుపు అంటే ఏమిటి?

సరుకు అమ్ముడైన తరువాత దానిలో ప్రమాదకరమైన లోపం బయటపడితే, వాడడం ఆపమని తయారీదారు ప్రకటిస్తాడు. ఉచితంగా మార్చి ఇస్తాడు, లేదా బాగుచేస్తాడు, లేదా సొమ్ము తిరిగి ఇస్తాడు. దీనినే రీకాల్ అంటారు. చెడిపోయిన వస్తువును మార్చి ఇవ్వడం వేరు, ఇది వేరు. ఇందులో చక్కగా పనిచేస్తున్న వస్తువును కూడా వెనక్కి ఇవ్వాలి.

రెండు ఉదాహరణలు

2016 జనవరిలో యాపిల్ కంపెనీ తన ఛార్జర్లకు బిగించే రెండు పిన్నుల ప్లగ్గులను వాపసు పిలిచింది. అవి 2003 నుండి 2015 వరకు ఐరోపా, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, బ్రెజిల్ మొదలైన చోట్లకు తయారైనవి. అరుదుగా పిన్ను విరిగి, తాకినవారికి షాక్ కొట్టే అవకాశం ఉంది. ప్రపంచం మొత్తం మీద 12 సంఘటనలు తెలిసినట్లు కంపెనీ ప్రకటించింది. పాత ప్లగ్గును గుర్తించడం సులభం. ఛార్జరుకు తగిలించే గాడిలో మూడు అక్షరాల ప్రాంతపు గుర్తు ఉంటే కొత్తది. నాలుగైదు అక్షరాలున్నా, అసలేమీ లేకపోయినా మార్చవలసినదే.

రెండవది ఆస్ట్రేలియాలో జరిగింది. 2010 - 2013 మధ్య అమ్మిన ఇన్ఫినిటీ అనే వైరును 2014 ఆగస్టులో వాపసు పిలిచారు. పై తొడుగు నాసిరకం ప్లాస్టిక్కు కావడం వలన కాలం గడిచేకొద్దీ, వేడికి, పెళుసుబారి పగులుతుంది. కదిలిస్తే షాక్, అగ్నిప్రమాదం. ఆ వైరు వేల ఇళ్ల గోడల్లోను, పైకప్పుల్లోను ఉండిపోయింది. ఏ ఇంట్లో వేశారో వైరింగు చేసినవారు రాసిపెట్టుకోని చోట, వెతకడమే పెద్ద పని అయింది.

మన దేశంలో

ప్రమాదకరమైన సరుకును వాపసు తీసుకొని సొమ్ము చెల్లించమని ఆదేశించే అధికారం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. అయితే ఎంత గట్టి ఆదేశమైనా, ఆ సరుకు ఎవరి దగ్గర ఉందో తెలిస్తేనే చేరుతుంది.

మేము ఒక కేంద్రంలో చూసినది చెబుతాం. క్యాన్లు కడిగే నీళ్లలో హీటరు రాడ్డు వేసి ఉంది. తయారీదారు పేరు చెరిగిపోయింది. బిల్లు లేదు. కొన్నది పాత కార్యదర్శిగారట. ప్లగ్గుకు ఎర్తు పిన్ను ఊడదీసి, రెండు రంధ్రాల సాకెట్టులో పెట్టారు. నేలంతా తడి. రాడ్డు వేసేదీ తీసేదీ కేంద్రం ఊడ్చే ఆమె. “అప్పుడప్పుడు చిన్నగా కొడుతుందండీ, అలవాటైంది” అన్నది. ఆ రాడ్డును రేపు తయారీదారు వాపసు పిలిచినా, ఆ పిలుపు ఆమె దాకా రాదు. ఆ రోజే దానిని తీయించాం.

సంఘాలు చేయవలసినవి

1. రిజిస్టరులో ఒక పేజీ విద్యుత్ సామానుకు కేటాయించండి. వస్తువు, తయారీదారు, మోడల్ నంబరు, బ్యాచి నంబరు, కొన్న తేదీ, దుకాణం పేరు రాసి, పక్కనే బిల్లు అంటించండి.

2. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. గుర్తు పైన ఐ.ఎస్. సంఖ్య ఉంటుంది: హీటరు రాడ్డుకు 368, ప్లగ్గు సాకెట్లకు 1293, పి.వి.సి. వైరుకు 694. దానితోపాటు సి.ఎం./ఎల్. అని లైసెన్సు నంబరు ఉంటుంది. అది నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో చూడవచ్చు.

3. వాపసు పిలుపు వచ్చిన వస్తువును వెంటనే పక్కన పెట్టండి. రిపేరు చేయించవద్దు. కేంద్రానికి పనికిరాని రాడ్డును ఎవరి పశువుల పాకకూ పంపవద్దు.

4. చిన్నగా కొట్టినా అది హెచ్చరికే. మెయిను ఆపి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. లోపం సరుకుదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

సర్వసభ్య సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

మన కేంద్రంలో ఉన్న విద్యుత్ వస్తువులెన్ని? వాటిలో బిల్లు ఉన్నవెన్ని? కరెంటు వస్తువులను రోజూ ముట్టుకునేవారు ఎవరు, వారిని ఎప్పుడైనా అడిగామా?

మూడవ ప్రశ్నతోనే మొదలుపెట్టమని మా మనవి.