క్రీడాసంఘ వెబ్‌సైటు: చేతిలోని తెరకు తగిన పునర్నిర్మాణం

అనంతపురం నుండి ఇటీవల హూడికి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబాన్ని ఊహించుకొనవచ్చును. పదేళ్ల కుమార్తెకు షటిల్ నేర్చుకోవాలని కోరిక. తండ్రి సాయంత్రం మెట్రోలో ఇంటికి తిరిగి వస్తూ, దగ్గరలోని క్రీడాసంఘం వెబ్‌సైటును ఫోనులో తెరుస్తాడు. మొదట కార్యవర్గ సన్మాన చిత్రం కనబడుతుంది. దాని క్రింద వాటంతటవే జరిగిపోయే ఐదారు ఫోటోలు, ఆపైన సంఘ చరిత్ర. శిక్షణ వేళల పట్టికలో సగం తెరకు బయటనే ఉండిపోతుంది. ఆయనకు కావలసినవి మూడే: ఏ రోజులలో నేర్పుతారు, రుసుము ఎంత, ఎవరిని అడగాలి. అవి దొరకక మునుపే హూడి స్టేషన్ వస్తుంది, ఫోను జేబులోకి పోతుంది. ఒక బాలిక రాకుండా పోయిందన్న సంగతి సంఘానికి ఎన్నటికీ తెలియదు.

ఈ లోపం సాధారణంగా నిర్లక్ష్యం వలన కలిగినది కాదు. వెబ్‌సైటును కార్యవర్గం పెద్ద కంప్యూటర్ తెర మీద చూసి ఆమోదిస్తుంది. ఆ తెర మీద అన్నింటికీ చోటున్నది: ఎడమవైపు చరిత్ర, నడుమ చిత్రాలు, కుడివైపు ప్రకటనలు. కనుక ఏది ముఖ్యమన్న ప్రశ్నే తలెత్తదు. ఫోనులో ఉండేది ఒకే వరుస. ఒకటి పైకి వస్తే మరొకటి క్రిందికి పోక తప్పదు. పునర్నిర్మాణంలో కఠినమైన పని ఇదే; ఇది కంప్యూటర్ నిపుణుడు తేల్చగలిగినది కాదు. అధ్యక్షుని సందేశం కంటె శిక్షణ వేళలు పైన ఉండాలని సమావేశంలో ఎవరో ఒకరు చెప్పవలసి ఉంటుంది. అందుచేత ముందుగా ఒక కాగితం మీద విషయాలను ప్రాధాన్యక్రమంలో వ్రాసుకొని, ఆ క్రమం ఖాయమైన తరువాతనే రూపకల్పనకు పూనుకొనడం మేలు.

ఫోనుకు ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి అని రెండు వేర్వేరు సైట్లు నడపడం ఒకప్పటి పద్ధతి. ఒకదానిలో వేళలు మార్చి, రెండవదానిలో మరచిపోవడం ఆ పద్ధతితో వచ్చే చిక్కు. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే రూపకర్త ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో, ఒకే పుట తెర వెడల్పును బట్టి తనను తాను సర్దుకొనే విధానాన్ని ప్రతిపాదించి, దానికి ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరు పెట్టాడు. నేడు సర్వత్రా అమలులో ఉన్నది అదే. స్వచ్ఛందసేవకుల మీద నడిచే చిన్న సంఘానికి ఒకే చోట దిద్దితే చాలునన్న సౌకర్యం మరింత విలువైనది.

ఈ మార్పు అసలైన పరీక్షకు నిలిచేది వేళల పట్టిక వద్ద. సోమవారం నుండి ఆదివారం వరకు ఏడు నిలువు వరుసలు కంప్యూటర్ మీద చక్కగా కనబడతాయి. అదే పట్టికను ఫోనులో కుదిస్తే అక్షరాలు చీమలవుతాయి. కుదించకపోతే ప్రక్కకు జరుపుతూ చదవవలసి వస్తుంది. పట్టికను ఫోటో తీసి పెట్టడం అన్నిటికంటె చెడ్డ ఉపాయం, ఎందుకనగా చూపు లేనివారికి చదివి వినిపించే ఉపకరణాలు చిత్రంలోని అక్షరాలను చాలాసార్లు చదవలేవు. ఫోనులో ఆ దినం వేళలను మొదట చూపి, తక్కిన రోజులను ఒకదాని క్రింద ఒకటిగా పేర్చడం ఉత్తమం. వర్షం వలన ఆట రద్దయిన కబురు కూడ ఆ చోటనే ఉండాలి. రుసుమును దాచకుండా, బ్యాటు, షటిల్ కాక్‌ల ఖర్చు అందులో చేరినదో లేదో స్పష్టంగా చెప్పాలి. ఎంత అడుగుతారో తెలియని చోటికి స్వల్పాదాయం గలవారు వెళ్లడానికే సంకోచిస్తారు.

తెలుగు పుటకు మరికొంత శ్రద్ధ అవసరం. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడులు ఉంటాయి. క్రింద వత్తులు వ్రేలాడుతాయి. ఆంగ్లానికి కుదిరిన వరుసల ఎడమే తెలుగుకు ఉంచితే, ‘రాష్ట్రస్థాయి’ అన్న మాటలోని వత్తులు క్రింది వరుసను తాకుతాయి, లేదా మీటలో సగం తెగిపోతాయి. అక్షర పరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఉంచి చూడాలి. మీటల వెడల్పును ముందుగా బిగించరాదు. ఆంగ్లంలో ఒక్క మాటతో సరిపోయే చోట తెలుగులో ‘పేరు నమోదు చేయండి’ అని మూడు మాటలు కావలసి రావచ్చును. డి.టి.పి. దుకాణాలలో అను ఫాంట్లతో కూర్చిన ప్రకటనను నేరుగా అతికిస్తే అర్థం లేని గుర్తులు మిగులుతాయి. దానిని యూనికోడ్‌లోకి మార్చవలసి ఉంటుంది. కన్నడ, తెలుగు లిపులు చూపుకు అక్కచెల్లెళ్లయినా యూనికోడ్‌లో వాటి స్థానాలు వేరు. నోటో వంటి ఉచిత అక్షరకుటుంబంలో కూడ రెండింటికీ వేర్వేరు ఫాంట్లున్నవి, రెండింటినీ చేర్చాలి. భాషల మీటల మీద ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే ఉంటే, చదువరి తన భాషను ఇట్టే గుర్తిస్తాడు.

వెబ్‌సైట్ల సౌలభ్యానికి అంతర్జాతీయ ప్రమాణాలున్నవి. వాటి ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో కూడ పాఠం ప్రక్కకు జరపనక్కరలేకుండ చదవగలగాలి. మామూలు అక్షరాలకు, నేపథ్యానికి నడుమ 4.5:1 నిష్పత్తిలో వర్ణభేదం ఉండాలి. ఎండలో మైదానం అంచున నిలబడి ఫోను చూసేవారికి ఈ రెండవ నియమం విలువ బాగా తెలుస్తుంది.

నమోదు పత్రంలో అనవసరమైన ప్రశ్నలు ఉండరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతిని కోరుతున్నది. పోటీల ఫలితాలలో పిల్లల ఫోటో, పాఠశాల, ఫోను నంబరు అన్నీ కలిపి ప్రచురించే పాత అలవాటును పునర్నిర్మాణంతోనే మానుకొనవచ్చును.

హూడి వంటి చోట మరొక ప్రమాదం ఉన్నది. సైటును ఉత్సాహంతో నిర్మించిన యువకునికి ఉద్యోగరీత్యా హైదరాబాదుకో పుణెకో బదిలీ అవుతుంది; సైటు పేరు అతని సొంత ఈమెయిలు మీద నమోదై ఉంటుంది. గడువులోగా దాని నమోదును పునరుద్ధరించకపోతే సైటు మూతబడుతుంది. కనుక పేరు నమోదు సంఘం ఈమెయిలు మీదనే ఉండి, ఇద్దరు బాధ్యులకు అందుబాటులో ఉండాలి. పునరుద్ధరణ తేదీని సంఘ సమావేశాల మినిట్స్ పుస్తకంలో వ్రాసి ఉంచి, కార్యవర్గం మారిన రోజున లెక్కల పుస్తకాలతో పాటు దీనిని కూడ అప్పగించవలసి ఉంటుంది.