‘గుర్తులేదు సార్’ అనే మాటకు ఒక చిన్న ఫైలు



పేరెంట్స్ మీటింగులో దాదాపు ప్రతిసారీ వినే మాట ఒకటుంది: ‘‘ఇంట్లో అడిగితే అన్నీ చెప్తాడు సార్, పరీక్షలో మాత్రం పోతుంది.’’ పోయినసారి తొమ్మిదో తరగతి అబ్బాయి వాళ్ళమ్మ ఇదే మాట అన్నప్పుడు, పక్కనే నిలబడ్డ అబ్బాయిని అడిగాను: ‘‘ఈ వారం నీకు అర్థంకానివి ఏమున్నాయి నాన్నా?’’ వాడు కాసేపు ఆలోచించి, ‘‘ఉన్నాయి సార్, గుర్తులేవు’’ అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు డౌట్ నిజంగానే వచ్చింది. పొద్దున రేణిగుంటలో బస్సెక్కి, అసెంబ్లీ అయిపోయి, మూడో పీరియడ్‌లో లెక్కల సార్ ‘‘డౌట్లుంటే అడగండి’’ అనేసరికి అది మనసులో లేదు. పిల్లాడు చదవక కాదు, సార్ అడగక కాదు. ఆ మధ్యలో పన్నెండు గంటలపాటు డౌట్‌ను దాచిపెట్టుకునే చోటు లేకపోయింది. అదే డౌట్ మళ్ళీ పరీక్ష హాల్లో వస్తుంది. అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ చోటును ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో పైసా ఖర్చు లేకుండా ఎలా ఏర్పాటు చేసుకోవాలో ఈ నెల పాఠం.

మొదటి సూత్రం: ముందు రాయాలి, తర్వాత సర్దాలి

ఇందులో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. కొత్తగా ల్యాప్‌టాప్ కొన్నప్పుడు సబ్జెక్టుకో ఫోల్డరు, ఫోల్డర్లో చాప్టరుకో ఫైలు పెట్టాను. చూడటానికి ముచ్చటగా ఉండేది. కానీ ఏదైనా ఆలోచన వచ్చినప్పుడు, ‘ఇది ఏ ఫోల్డర్లోకి వెళ్ళాలి?’ అని వెతుక్కునేలోపే ఆలోచన సగం పోయేది. రెండు నెలల తర్వాత చూస్తే ఫోల్డర్లు చాలా ఉన్నాయి, వాటిలో రాతలు మాత్రం లేవు.

రాసుకోవడం ఒక పని, సర్దుకోవడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేయబోతే రెండూ జరగవు. మొదటిది పది సెకన్లలో అయిపోవాలి. రెండోది వారానికి ఒకసారి తీరిగ్గా చేసుకోవచ్చు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఈ విషయాన్ని ఎప్పుడో గ్రహించారు. వాళ్ళు వాడే ‘ఈమ్యాక్స్’ అనే ఎడిటర్‌కు 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త ‘ఆర్గ్ మోడ్’ అనే సదుపాయం తయారుచేశారు. అందులో ‘క్యాప్చర్’ అనే ఏర్పాటు ఉంది. ఏదో పనిలో ఉండగా ఒక ఆలోచన వస్తే రెండు మూడు మీటలు నొక్కుతారు. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఒక్క వాక్యం రాసి మూసేస్తే, ఆపిన పని దగ్గరికే తిరిగి వస్తారు. ఆ రాత ఎక్కడికి చేరాలన్నది ముందే నిర్ణయించి ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో దాని గురించి ఆలోచించే అవసరం ఉండదు. మన పిల్లలకు ఈమ్యాక్స్ అక్కర్లేదు. విండోస్‌తో పాటే వచ్చే నోట్‌ప్యాడ్ చాలు.

ఐదు నిమిషాల ఏర్పాటు

1. నోట్‌ప్యాడ్ తెరవండి. మొట్టమొదటి లైనులో ఒక చుక్క పెట్టి, దాని పక్కనే ఖాళీ వదలకుండా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఎల్, ఓ, జీ అని కొట్టండి. ఆ లైనులో ఇంకేమీ ఉండకూడదు.

2. ఫైలును డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి మూసేయండి. మళ్ళీ తెరిస్తే, చివర ఆ రోజు తేదీ, సమయం వాటంతటవే వచ్చి ఉంటాయి. దాని కింద రాయడమే. తేదీ రాకపోతే ఎఫ్ 5 మీట నొక్కండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కాల్సి ఉంటుంది.

3. తెలుగులో రాయాలనుకుంటే విండోస్ సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోండి. 2019 నుంచి వస్తున్న విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. ‘అమ్మ’ అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులో వస్తుంది. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకు మారవచ్చు.

4. పాత కంప్యూటర్ అయితే సేవ్ చేసేటప్పుడు కింద ‘ఎన్‌కోడింగ్’ అనే చోట యూటీఎఫ్ 8 ఎంచుకోండి. అక్కడ ‘యాన్సి’ అని ఉంచి సేవ్ చేస్తే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. రాసిందంతా పోతుంది.

మూడు గుర్తులు చాలు

ఒకే ఫైల్లో అన్నీ కలిపి రాస్తే తర్వాత వెతకడం ఎలా? ప్రతి రాతకూ ముందు ఒక గుర్తు పెట్టాలి. రెండు ప్రశ్నార్థకాలు ?? అంటే డౌట్. రెండు ఆశ్చర్యార్థకాలు !! అంటే చేసిన తప్పు. రెండు ప్లస్‌లు ++ అంటే చేయాల్సిన పని.

మాటలు కాకుండా గుర్తులే ఎందుకంటే, ఒకరోజు ‘డౌట్’ అని, ఇంకోరోజు ‘డవుట్’ అని, మరోరోజు ‘సందేహం’ అని రాస్తాం. కంప్యూటర్‌కు ఆ మూడూ వేర్వేరు మాటలు. గుర్తు అయితే ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఒక్కటి కాకుండా రెండు పెట్టడానికీ కారణం ఉంది. ఒక్క ప్రశ్నార్థకం మామూలు వాక్యాల్లోనూ వస్తుంది. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి ?? అని వెతికితే డౌట్లు మాత్రమే ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి.

రాతలు ఇలా ఉండాలి:

?? లెక్కలు. నిన్నటి వర్క్‌షీటు 3వ లెక్క. మధ్య పదాన్ని విడగొట్టాక రెండో బ్రాకెట్‌లో గుర్తు ఎందుకు మారింది?

!! ఫిజిక్స్. వేగం గంటకు కిలోమీటర్లలో ఇచ్చారు, మార్చకుండానే వేసేశాను. సెకనుకు మీటర్లు కావాలంటే 5/18తో గుణించాలి.

!! తెలుగు. మహేంద్రుడు: సవర్ణదీర్ఘ సంధి అని రాశాను. మహా + ఇంద్రుడు, గుణసంధి.

++ సోషల్ మ్యాప్ పాయింటింగ్, శుక్రవారం లోపు.

రాగిరేకులు చెప్పే పాఠం

ఈ పద్ధతికి మన కొండమీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు (1408–1503) 1424లో సంకీర్తనలు మొదలుపెట్టారని రాగిరేకులే చెబుతున్నాయి. రోజుకు ఒక్కటికి తక్కువ కాకుండా చెప్పారని ప్రసిద్ధి. మొత్తం 32,000 అని ఆయన మనవడు చిన్నన్న రాశారు. పిల్లల చేత లెక్క కట్టించండి. 79 ఏళ్ళను 365తో గుణిస్తే 28,835. అంటే రోజుకు ఒకటి కన్నా కాస్త ఎక్కువ. ఒక్కరోజులో చూస్తే అది చిన్న పనే. ఆపకుండా చేయడం వల్ల కొండంత అయింది.

ఆ సంకీర్తనలను తర్వాతి తరంలో కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీద చెక్కించారు. ఆధ్యాత్మ సంకీర్తనలు వేరుగా, శృంగార సంకీర్తనలు వేరుగా పెట్టారు. ప్రతి పాటకూ రాగం పేరు రాశారు. పుట్టినప్పుడు రోజుకొకటిగా పుట్టాయి, సర్దడం తర్వాత జరిగింది. మనం పైన చెప్పుకున్న సూత్రం ఇదే.

ఆ కథలో ఇంకో రెండు పాఠాలు కూడా ఉన్నాయి. శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉన్న ఆ రేకులు శతాబ్దాలపాటు ఎక్కువమంది దృష్టికి రాలేదు. 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కృషితో వెలుగులోకి వచ్చాయి. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు పరిష్కరించి ప్రచురణకు పూనుకున్నారు. 32,000లో సగం కూడా ఇప్పుడు మన చేతిలో లేవు. రాసి పెట్టినా, తెరిచి చూసేవాళ్ళు లేకపోతే రాత ఉండీ లేనట్టే.

రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. రేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఆ రోజుల్లో పాడేవాళ్ళకు వరస నోటికి వచ్చు, రాయాల్సిన అవసరం కనిపించి ఉండదు. ఆ వరసలు అలాగే పోయాయి. ఈరోజు మనం వింటున్న బాణీలు రాళ్ళపల్లి వారి వంటి సంగీతజ్ఞులు మళ్ళీ కట్టినవి.

పిల్లల రాతల్లోనూ ఇదే జరుగుతుంది. ‘లెక్కలు డౌట్ అడగాలి’ అని రాస్తారు. రాసిన నిమిషంలో అది ఏ లెక్కో బాగా తెలుసు. నాలుగు రోజుల తర్వాత తెలియదు. అందుకే ప్రతి రాతలో మూడు ఉండాలి: ఏ సబ్జెక్టు, ఎక్కడ, సరిగ్గా ఏది అర్థం కాలేదు. నాలుగు రోజుల తర్వాత చదివే తనకు తాను రాసుకునే ఉత్తరం అనుకోమనండి.

ఆదివారం పావుగంట

వారానికి ఒకసారి ఫైలు తెరిచి మూడు పనులు చేయాలి.

మొదటిది, ?? అని వెతకాలి. తీరిన డౌట్ కింద జవాబు ఒక్క లైనులో రాసి, ఆ గుర్తు తీసేయాలి. అప్పుడు వెతికినప్పుడల్లా తీరనివే కనిపిస్తాయి. వాటిని చిన్న కాగితం మీద రాసి సోమవారం టీచరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

రెండోది, !! అని వెతికి తప్పులన్నీ చదవాలి. అదే తప్పు మూడోసారి కనిపిస్తే అది అజాగ్రత్త కాదు, ఆ పాఠంలో ఏదో అర్థం కాలేదని గుర్తు. పరీక్ష ముందురోజు రాత్రి మొత్తం పుస్తకం తిరగేసే బదులు ఈ తప్పుల జాబితా చదివితే ఎక్కువ ప్రయోజనం.

మూడోది, అయిపోయిన ++ పనులు తీసేయాలి. నెల మారగానే కొత్త ఫైలు మొదలుపెట్టి, తీరని డౌట్లు అందులోకి తెచ్చుకోవాలి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల అంకె పెట్టండి: 2025-07, 2025-08 అని. అప్పుడు ఫైళ్ళు కాలక్రమంలో వరుసగా నిలబడతాయి. నెలల పేర్లు ఇంగ్లిష్‌లో పెడితే అక్షరక్రమంలో ఏప్రిల్ పక్కన ఆగస్టు వచ్చి కూర్చుంటుంది. పాత ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. పాస్‌వర్డులు, బ్యాంకు నంబర్లు మాత్రం ఈ ఫైల్లో ఎప్పుడూ రాయవద్దు.

నోట్‌బుక్ మానేయమని కాదు

పరీక్ష పెన్నుతోనే రాయాలి. క్లాసు నోట్సు, లెక్కల సాధన, బొమ్మలు నోట్‌బుక్‌లోనే ఉండాలి. 2014లో అమెరికాలో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకునేవారు విన్నదాన్ని ఉన్నదున్నట్టు దించేస్తున్నారని, చేత్తో రాసేవారు తమ మాటల్లోకి మార్చుకుంటున్నారని గమనించారు. మార్కుల్లో వాళ్ళు చూపిన తేడా తర్వాతి పరిశోధనల్లో అంత స్పష్టంగా రాలేదు కానీ, దించేయడం నేర్చుకోవడం కాదన్నది మనందరికీ తెలిసిందే. ఈ ఫైలు పాఠం రాసుకోవడానికి కాదు. పాఠం ఎక్కడ అంటుకోలేదో గుర్తుపెట్టుకోవడానికి.

హాస్టల్లో ఉండే పిల్లలు, ఇంట్లో కంప్యూటర్ లేనివారు ఇవే మూడు గుర్తులతో జేబులో పట్టే చిన్న పుస్తకం వాడవచ్చు. వెతకడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మీ ఫోన్లో పది నిమిషాలు ఇవ్వగలిగితే ఏ నోట్స్ యాప్‌లోనైనా తెలుగులో మాట్లాడి కూడా రాయించుకోవచ్చు.

చివరిగా ఒక మనవి

ఈ ఫైలు నిలబడేదీ పడిపోయేదీ పిల్లల వల్ల కంటే మన వల్లే. ఒకరోజు మీరు తెరిచి చూస్తారు. అందులో ఇరవై తప్పులు, పదిహేను డౌట్లు ఉంటాయి. ‘‘ఇన్ని తప్పులా? ఇన్ని వేలు ఫీజు కడుతున్నాం!’’ అనే మాట నోటిదాకా వస్తుంది. దయచేసి ఆ మాట మింగేయండి. ఆ మాట ఒక్కసారి అన్నారంటే, మరుసటి వారం ఫైల్లో తప్పులు ఉండవు. తప్పులు చేయడం మానేశాడని కాదు, రాయడం మానేశాడని. అవి తర్వాత ఆన్సర్ షీటులో కనిపిస్తాయి.

ఖాళీ ఫైలు చూసి దిగులుపడండి, నిండిన ఫైలు చూసి సంతోషించండి. ‘‘ఈ వారం ఎన్ని డౌట్లు తీరాయి?’’ అని మాత్రం అడగండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం పిల్లల ఫైలుతో పాటు మీదీ ఒకటి తెరవండి. గ్యాస్ బుక్ చేసిన తేదీ, పాపకు జ్వరం మొదలైన రోజు, డాక్టరును అడగాల్సిన ప్రశ్న, ఏదైనా సరే అవే మూడు గుర్తులతో రాయండి. అమ్మానాన్న రాసుకోవడం చూసిన పిల్లలకు రాసుకోమని విడిగా చెప్పాల్సిన పని ఉండదు. వచ్చే మీటింగుకు తీరని డౌట్ల కాగితం ఒకటి చేతిలో పట్టుకుని రమ్మనండి. ఈసారి మనం మార్కుల దగ్గర కాకుండా ఆ కాగితం దగ్గర మాట మొదలుపెడదాం.